పాత విండోస్‌కి తిరుగుదారి... అది మీరు డబ్బిచ్చి కొన్నదే!

కొత్త విండోస్‌ని నాలుగు రోజులు వాడి చూద్దామని వేసుకోవడం తేలిక. గడువు తీరాక, కొన్నప్పుడు వచ్చిన పాతదానికి తిరిగి రావడంలోనే ఉంది తంటా. ఆ తంటాలో ఫొటోలు, లెక్కలు, సొమ్ము పోసి కొన్న లైసెన్సు... మూడూ పోగొట్టుకునేవాళ్లు ఎందరో.

దర్శిలో ఓ ఇల్లు అనుకోండి. నాలుగెకరాల మిర్చి, రెండెకరాల పత్తి. అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న ల్యాప్‌టాప్ ఒకటుంది. ఆ పిల్ల చదువైపోయి ఉద్యోగానికి వెళ్లాక అది నాన్న చేతికొచ్చింది. ఆయన మెల్లగా అలవాటు పడ్డాడు. కూలీల లెక్కలు, పురుగుమందుల కొట్లో బాకీలు, గుంటూరు యార్డులో టిక్కీలు దించినప్పుడు కమీషన్ కొట్టువాళ్లు ఇచ్చిన పట్టీల ఫొటోలు, మనవడి పుట్టువెంట్రుకల వీడియో... అన్నీ అందులోనే.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి మేనల్లుడొచ్చాడు. ‘‘ఏంది మామయ్యా, ఇంకా ఇదేనా వాడేది? మా కంపెనీలో వాడేది వేస్తా చూడు’’ అన్నాడు. వేశాడు కూడా. అది మైక్రోసాఫ్ట్ తన వెబ్‌సైట్లో ఉచితంగా ఇచ్చే ఎంటర్‌ప్రైజ్ ట్రయల్. కంపెనీలు కొనేముందు పరీక్షించి చూసుకోవడానికి ఉద్దేశించింది. గడువు 90 రోజులు. పండగ అయిపోయింది, మేనల్లుడు బస్సెక్కాడు, గడువు సంగతి ఎవరికీ గుర్తులేదు. సంక్రాంతి నుంచి తొంభై రోజులంటే ఎప్పుడు? ఏప్రిల్ నడిమధ్య. కల్లాల్లో కాయ ఎండి, లారీలు యార్డుకు కదిలే రోజులు. సరిగ్గా అప్పుడే తెర నల్లబడింది. ‘ఇది అసలైన విండోస్ కాదు’ అని మూలన ఓ వాక్యం. గంటకోసారి దానంతటదే ఆగిపోవడం!

ల్యాప్‌టాప్‌ని చంకలో పెట్టుకుని సెంటర్లో కంప్యూటర్ షాపుకు వెళితే ఏమంటారో చాలామందికి తెలుసు. ‘‘ఏం లేదు బాబాయ్, ఫార్మాట్ కొట్టేస్తే సరిపోద్ది. మూడొందలివ్వండి, సాయంత్రం తీసుకెళ్లండి.’’

సాయంత్రానికి ల్యాప్‌టాప్ చకచకా పనిచేస్తుంది, నిజమే. కానీ లోపలి లెక్కలు పోతాయి. దాంతోపాటు ఇంకోటి కూడా పోతుంది, అది పోయిందని కూడా తెలియదు. ల్యాప్‌టాప్ కొన్ననాడు ధరలో కలిపి కట్టించుకున్న అసలైన విండోస్! దాని స్థానంలో షాపాయన పెన్‌డ్రైవులోని దొంగ కాపీ వచ్చి కూర్చుంటుంది. సొంత ఇంటికి తాళం వేసి, పక్కవీధిలో కబ్జా ఇంట్లో కాపురం పెట్టినట్టన్నమాట.

ఇంతా చేసి, ఆ పాత విండోస్ ఎక్కడికీ పోలేదు. చాలా సందర్భాల్లో అది ఆ యంత్రంలోనే ఉంది. అడిగి తీసుకోవడం తెలియాలంతే.

డిస్కులో దాగిన అర

2000ల నడుమ వరకూ బ్రాండెడ్ కంప్యూటరు కొంటే డబ్బాలో ఓ సీడీ కూడా వచ్చేది. తర్వాత కంపెనీలు ఆ ఖర్చు తగ్గించుకున్నాయి. హార్డ్‌డిస్కులోనే ఓ పది పదిహేను జీబీల జాగాను గోడ కట్టి విడదీసి, అందులో విండోస్‌నీ డ్రైవర్లనీ మడిచి పెట్టడం మొదలుపెట్టాయి. దాని పేరు రికవరీ పార్టిషన్. మై కంప్యూటర్ తెరిస్తే కొన్నిటిలో డి డ్రైవుగా కనిపిస్తుంది, కొన్నిటిలో అసలు కనిపించదు. మొదటిసారి ఆన్‌చేసిన వారంలోనే ‘రికవరీ డిస్కులు తయారుచేసుకోండి’ అని కంప్యూటరు పదేపదే అడిగేది. మన ఇళ్లలో దానికి దక్కిన గౌరవం ఏమిటంటే... ‘తర్వాత చూద్దాం’ అనే బటన్!

ఆ అరను తెరిచే తాళంచెవి కీబోర్డులోనే ఉంది. ఆన్‌చేయగానే హెచ్‌పీ వాటిలో ఎఫ్‌11, ఆసుస్ వాటిలో ఎఫ్‌9, ఏసర్‌లో ఆల్ట్‌తో కలిపి ఎఫ్‌10 నొక్కాలి. లెనోవో ల్యాప్‌టాప్‌లు చాలావాటికి పక్కన గుండుసూది పట్టేంత చిన్న బొక్కలో ఓ బటన్ ఉంటుంది. నొక్కితే రికవరీ తెర వస్తుంది. సరేనంటే కంప్యూటరు కొన్ననాటి స్థితికి వెళ్లిపోతుంది. కొన్ననాటి స్థితి అంటే నిజంగా అదే... సి డ్రైవులో తర్వాత చేరినవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అందుకే నొక్కేముందు ఫైళ్లు బయటికి తీసుకోవాలి. ఆ విషయానికి తర్వాత వద్దాం.

మరి ట్రయల్ వేసేటప్పుడు ఈ అర మిగులుతుందా? వేసినవాళ్ల చేతిలో ఉంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కులోని భాగాలన్నీ వరసగా కనిపిస్తాయి. ‘ఎందుకీ ముక్కలు, అన్నీ కలిపేద్దాం’ అని ఒక్కొక్కటే డిలీట్ చేసుకుంటూ పోయే అలవాటు కొందరికుంది. పొలం చదును చేస్తూ బావి పూడ్చేసినట్టు. సి డ్రైవు ఒక్కదాన్నే ముట్టుకుంటే అర మిగులుతుంది.

అర పోయినా అంతా పోయినట్టు కాదు. లైసెన్సు ఇంకోచోట ఉంటుంది. విండోస్ 7, అంతకు ముందువాటికి ల్యాప్‌టాప్ అడుగున ఓ స్టిక్కరు, దానిమీద 25 అక్షరాలూ అంకెలూ. బల్లకు రాసుకుని రాసుకుని ఇవి చెరిగిపోతుంటాయి కాబట్టి ఇంట్లో అలాంటి పాత యంత్రం ఉంటే ఫోనుతో ఓ ఫొటో తీసిపెట్టుకోవడం మంచిది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి ఆ స్టిక్కరు పద్ధతి పోయింది. ఆ 25 అక్షరాలనీ కంపెనీవాళ్లే మదర్‌బోర్డులోని చిప్‌లో రాసి పంపిస్తున్నారు. ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా, డిస్కే మార్చినా అది చెక్కుచెదరదు.

మన దర్శి పెద్దాయన ల్యాప్‌టాప్ ఈ రకందే అయితే పని ఇంకా తేలిక. మైక్రోసాఫ్ట్ సైటులో మీడియా క్రియేషన్ టూల్ అని ఉంటుంది. దాంతో 8 జీబీ పెన్‌డ్రైవు మీదికి విండోస్‌ను ఉచితంగానే ఎక్కించుకోవచ్చు. ఆ పెన్‌డ్రైవుతో ఇన్‌స్టాల్ మొదలుపెడితే అది చిప్‌లోని అక్షరాలు చదువుకుని, కొన్నది హోమ్ ఎడిషన్ అయితే హోమే వేస్తుంది. నెట్ తగిలించగానే అసలైనదిగా నమోదైపోతుంది. షాపులో దొంగ కాపీ వేయించుకోవాల్సిన అవసరం ఎక్కడుంది?

ఇక్కడో సందేహం రావాలి. లైసెన్సు చిప్‌లోనే ఉంటే, ఎంటర్‌ప్రైజ్ ట్రయల్ గడువు తీరాక దాన్నే వాడుకుని బతికిపోవచ్చుగా? కుదరదు. చిప్‌లో ఉన్నది హోమ్ ఎడిషన్ హక్కు. ట్రయల్ ఇంకో ఎడిషన్. పైగా మూల్యాంకనం కోసం ఇచ్చిన ఆ కాపీని డబ్బు కట్టినా పక్కాగా మార్చుకోలేం. ‘రీసెట్’ నొక్కితే పాతది వస్తుందనుకునేవాళ్లూ ఉన్నారు. అది ఇప్పుడున్నదాన్నే మళ్లీ కొత్తగా వేస్తుంది... అంటే ట్రయల్ మీద ట్రయల్! ఒకటే దారి, తీసేసి పాతది వేసుకోవడం.

పదిహేనేళ్ల కిందటి పాఠం

ప్రపంచం మొత్తం ఈ చిక్కులో పడిన సందర్భం ఒకటుంది. 2007 జనవరి ఆఖర్లో విస్టా వచ్చింది. దాని బరువు మోయలేక కంప్యూటర్లు రొప్పాయి. విస్టాతో కొన్న కొత్త ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌పీ వేయించుకోవడం ఓ పెద్ద పనైపోయింది అప్పట్లో. అలాంటి సమయంలో, 2009 జనవరిలో మైక్రోసాఫ్ట్ విండోస్ 7 బీటాను ఉచితంగా ఇస్తామంది. మొదట 25 లక్షల కాపీలే అని పరిమితి పెట్టింది. జనం ఎగబడేసరికి సర్వర్లు చతికిలబడ్డాయి. చివరికి ఆ పరిమితిని ఎత్తేశారు. అదే ఏడాది మే 5న, దాదాపు పూర్తయిన రూపం... రిలీజ్ క్యాండిడేట్... అందరికీ అందింది. విస్టాతో విసిగినవాళ్లు ప్రాణం లేచొచ్చినట్టు వేసుకున్నారు. నెలల తరబడి హాయిగా వాడుకున్నారు.

అంత హాయిలో గడువు ఎవరికి గుర్తుంటుంది? 2010 మార్చి 1 నుంచి ఆ కంప్యూటర్లు రెండు గంటలకోసారి ఆగిపోవడం మొదలుపెట్టాయి. రాస్తున్న ఉత్తరం సేవ్ అయిందా లేదా అని కూడా చూడవు. జూన్ 1తో గడువు పూర్తిగా తీరిపోయింది. అప్పటికి అసలు విండోస్ 7 మార్కెట్లోకి వచ్చి ఏడు నెలలు దాటింది. కొనలేనివాళ్లు తిట్టుకుంటూనైనా మళ్లీ విస్టా గుమ్మం తొక్కాల్సి వచ్చింది. రికవరీ అర మిగుల్చుకున్నవాళ్లు పూటలో బయటపడ్డారు. మిగతావాళ్లకు షాపులే దిక్కు.

2012లో విండోస్ 8 ప్రివ్యూల విషయంలోనూ ఇదే కథ. మే 31న వచ్చిన రిలీజ్ ప్రివ్యూ 2013 జనవరి మధ్యలో గడువు తీరిపోయింది. దీన్ని తీసేసే సదుపాయం లేదని, వెనక్కి వెళ్లాలంటే పాత విండోస్ డిస్కులు దగ్గరుంచుకోవాలని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. చెప్పింది ఇంగ్లిషులో, చిన్న అక్షరాల్లో. ‘ఐ అగ్రీ’ నొక్కే తొందరలో చదివేదెవరు?

ఈ గొడవలన్నీ చూశాకేనేమో, 2015 జులై 29న విండోస్ 10ని ఉచితంగా ఇచ్చినప్పుడు వెనక్కి వెళ్లే ఏర్పాటు అందులోనే పెట్టారు. పాత విండోస్‌ను చెరిపేయకుండా ‘విండోస్ డాట్ ఓల్డ్’ అనే ఫోల్డరులో మూటకట్టి ఉంచుతుంది. నచ్చకపోతే సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి ‘గో బ్యాక్’ నొక్కితే మూట విప్పేస్తుంది. సొంత ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి, కొత్తది వేశాక ఎక్కించిన ప్రోగ్రాములు మాత్రం పోతాయి. మొదట్లో ఇందుకు నెల రోజుల గడువిచ్చారు. 2016లో దాన్ని పదిరోజులకు కుదించారు. 2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11కీ పదిరోజులే. పదిరోజులంటే ఏముంది, ప్రింటరు పనిచేయడం లేదని తెలిసేలోపే అయిపోతాయి! ఆ పదిరోజుల్లోపే ఓ చిన్న కమాండ్ ఇస్తే గడువు 60 రోజులదాకా పెరుగుతుంది. ఇంట్లో కంప్యూటర్ చదివిన కుర్రాళ్లుంటే ఆ పని వాళ్లకు అప్పగించొచ్చు.

ఒక్కటి మాత్రం మరవకూడదు. ‘డిస్కు నిండిపోయింది, శుభ్రం చేయమంటారా’ అని డిస్క్ క్లీనప్ అడిగినప్పుడు ఆ జాబితాలో ఈ పాత మూట కూడా ఉంటుంది. అన్నిటికీ టిక్కు పెట్టేసి సరే అంటే... తిరుగుదారి మనమే చెత్తబుట్టలో వేసుకున్నట్టు.

కొత్త విత్తనం ఎంత మేర?

నిజానికి ఈ తెలివి దర్శి, పొదిలి, అద్దంకి రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు. కొత్త మిర్చి విత్తనం బాగుందని డీలరు ఎంత ఊదరగొట్టినా, ఆచితూచి వేసే రైతు ముందు ఓ పది సెంట్లలో వేస్తాడు. నల్లిని తట్టుకుంటుందా, కాయ రంగు నిలుస్తుందా చూస్తాడు. మిగతా చేనంతా తెలిసిన రకమే. వెనక్కి రాలేని ప్రయోగం ఎలా ఉంటుందో కూడా ఈ నేలకు తెలుసు. సూటి రకాల పత్తి వేసినన్నాళ్లూ గింజ దాచుకుని మళ్లీ విత్తేవాళ్లు. హైబ్రిడ్లు, ఆపైన 2002 నుంచి బీటీ వచ్చాక ఏటా ప్యాకెట్ కొనాల్సిందే. ఇప్పుడు పాత గింజ కావాలన్నా పల్లెల్లో దొరకడం కష్టం. లాభమా నష్టమా అన్నది వేరే పంచాయితీ, దారైతే మూసుకుపోయింది.

కంప్యూటర్లో ఆ పది సెంట్ల ప్రయోగం ఎలా చేయాలో లినక్స్‌వాళ్లు ఎప్పుడో చూపించారు. దాన్నే లైవ్ సీడీ అంటారు. సీడీ పెట్టి ఆన్‌చేస్తే ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం సీడీ మీంచే నడుస్తుంది. హార్డ్‌డిస్కులో చిటికెడు కూడా మారదు. చాలనుకుంటే సీడీ తీసేసి మళ్లీ ఆన్‌చేయడమే, మన పాత విండోస్ మన ముందుంటుంది. ఉబుంటు సీడీలనైతే 2011 దాకా అడిగినవాళ్లకల్లా ప్రపంచంలో ఏ మూలకైనా ఉచితంగా పోస్టులో పంపేవారు. మన దగ్గర స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు తెలుగు మెనూలతో లినక్స్ తయారుచేశారు. చెన్నైలోని సీడాక్ 2007లో విడుదల చేసిన బాస్‌లోనూ తెలుగుంది. ఇప్పుడు సీడీ డ్రైవులే లేవు, ఆ పని పెన్‌డ్రైవు చేస్తోంది.

వెనక్కి రావడం అంటే ఓడిపోవడం అనుకునేవాళ్లకు డీటీపీ సెంటర్లను చూపించాలి. మూఢాలు వెళ్లగానే పెళ్లికార్డుల పని మీదపడుతుంది. అను ఫాంట్లు, పేజ్‌మేకర్... వాళ్ల బతుకంతా వాటితోనే. కొత్త విండోస్‌లో పాత అను మొరాయించడం ఆ రంగంలో అందరికీ తెలిసిన తలనొప్పే. శుభలేఖలో ఒత్తులు చెదిరితే పెళ్లివారు ఊరుకుంటారా? అలాంటప్పుడు మారుమాట్లాడకుండా పాతదానికి తిరగడమే వ్యాపారం. ఆ యంత్రానికి నెట్ తీసేసి, పనికి మాత్రం వాడుకుంటే ఏ గొడవా లేదు.

నెట్ తీసేయమనడం ఊరికే కాదు. పాతదానికి వచ్చేముందు దాని వయసు చూసుకోవాలి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న సెలవు చెప్పేసింది. విండోస్ 7కు 2020 జనవరి 14న, 8.1కి 2023 జనవరి 10న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న. విండోస్ 10 వాడే ఇళ్లకు మాత్రం పేరు నమోదు చేసుకుంటే అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు ఇస్తామన్నారు. సెలవు చెప్పడమంటే ఆగిపోవడం కాదు, దొంగలు దూరే కన్నాలు పూడ్చేవాళ్లు ఉండరని. లెక్కలు రాసుకోవడానికి, ఫొటోలు చూసుకోవడానికి ఫర్వాలేదు. బ్యాంకు పని, రైతు పథకాల దరఖాస్తులు అలాంటి యంత్రంలో వద్దు.

ముందు ఫైళ్లు... తర్వాతే ఏదైనా

ఇక ఇందాక వాయిదా వేసిన సంగతి. ట్రయల్ గడువు తీరి గంటకోసారి ఆగిపోతున్నా, ఆ గంట మనదే. పెన్‌డ్రైవో, బయటి హార్డ్‌డిస్కో పెట్టి విడతలవారీగా అన్నీ కాపీ చేసుకోవచ్చు. ముందు లెక్కలు, తర్వాత ఫొటోలు, సినిమాలు ఆఖరున... అవి పోయినా మళ్లీ దొరుకుతాయి. అసలు తెరే రాకపోతే ఇందాక చెప్పుకున్న లైవ్ పెన్‌డ్రైవు ఆదుకుంటుంది. దాంతో ఆన్‌చేసి, హార్డ్‌డిస్కు తెరిచి, కావలసినవి తీసుకోవచ్చు. షాపుకే ఇవ్వాల్సివస్తే ‘బాబూ, ముందు లోపలివి దీంట్లోకి ఎక్కించు, తర్వాతే ఏదైనా’ అని ఖాళీ పెన్‌డ్రైవు చేతికిచ్చి, కాసేపు పక్కనే కూర్చోవాలి. అక్కడ మొహమాటపడితే మనవడి పుట్టువెంట్రుకల వీడియో పోతుంది. పాతది వేసేటప్పుడు కూడా సి డ్రైవును ఫార్మాట్ చేయకుండా దానిమీదే వేయమంటే, అక్కడి ఫైళ్లన్నీ విండోస్ డాట్ ఓల్డ్‌లోకి చేరి మిగులుతాయి. మరిచిపోయినవి ఏమైనా ఉంటే అక్కడ వెతుక్కోవచ్చు.

ఈమధ్య కొన్న ల్యాప్‌టాపులకు మాత్రం ఇంకో మెలిక వచ్చింది. విండోస్ 11తో వచ్చేవి చాలావరకు, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే, డిస్కు మొత్తాన్నీ గుప్తలిపిలోకి మార్చేసుకుంటున్నాయి. ల్యాప్‌టాప్ దొంగలపాలైనా లోపలివి వాళ్లకు అందకూడదని. మంచిదే. కానీ ఆపరేటింగ్ సిస్టమ్ మార్చే పనిలో ఉన్నప్పుడు అది యజమానినీ దొంగలాగే చూస్తుంది. ‘రికవరీ కీ చెప్పు’ అని నిలేస్తుంది. ఆ కీ 48 అంకెలు. అది తెలియకపోతే లైవ్ పెన్‌డ్రైవు కూడా ఏమీ చేయలేదు. మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళితే ఆ అంకెలు కనిపిస్తాయి. అయితే ఆ ఖాతాను ల్యాప్‌టాప్ కొన్ననాడు షోరూము కుర్రాడు ఏ మెయిల్‌తో తెరిచాడో, పాస్‌వర్డ్ ఏం పెట్టాడో ఇంట్లో ఎంతమందికి గుర్తుంటుంది? కొత్తది ఏదైనా ప్రయత్నించే ముందురోజే ఆ అంకెలు తెలుసుకోవాలి. కొందరు తెలుసుకుని, జాగ్రత్తగా ఓ ఫైలులో టైపు చేసి... అదే ల్యాప్‌టాప్‌లో దాస్తారు. బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి తలుపు మూసినట్టు! చక్కగా కాగితం మీద రాసి, పట్టాదారు పాసుపుస్తకం ఎక్కడుంటుందో అక్కడ పెట్టండి. ఇంట్లో అదొక్కటీ ఎవరూ పారేయరు.